ప్రకటనలు అడగలేని ఇంజనీర్లం

ఈ సంచిక చివరి పేజీలు ఒకసారి తిరగేయండి. దోసెల హోటలు, ఇళ్ళు అమ్మిపెట్టే ఏజెంటు, పళ్ళ డాక్టరు, పచారీ కొట్టు... ఆ ప్రకటనల కోసం మన బడి వలంటీర్లం ఐదుగురం రెండు శనివారాలు తిరిగాం. అందరం ఇంజనీరింగ్ చదివినవాళ్ళమే. పచారీ కొట్టు ముందు కారాపుకుని, లోపలికెళ్ళి ఎవరడగాలో తేలక పది నిమిషాలు కూర్చున్నాం. చివరికి లోపలికెళ్ళి, రెండు ప్యాకెట్లు కందిపప్పు కొనుక్కుని బయటికొచ్చాం. ప్రకటన అడిగింది మరుసటి వారం!

నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, ఆ పది నిమిషాల వెనక మా పెంపకమంతా ఉంది. మా రోజుల్లో చదువుకున్నవాడికి ఒకరిని అడగడం నామోషీ. ఇంజనీరంటే కుర్చీలో కూర్చుని పనిచేయాలి. బ్యాగు తగిలించుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేవాడంటే వేరే ఉద్యోగం దొరకనివాడని లెక్క. ఆవకాయతో పాటు ఈ అభిప్రాయాన్ని కూడా సూట్‌కేసులో పెట్టుకుని వచ్చాం.

పోయిన ఏడాది అది మా ఇంట్లోనే బయటపడింది. మా పెద్దమ్మాయి ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ చదివి, ఫ్యాక్టరీలకు కన్వేయర్లు తయారుచేసే కంపెనీలో చేరింది. స్టీల్ టో బూట్లు వేసుకుని తెల్లవారుజామున ఆరింటికల్లా షాపులో ఉండేది. ఆ హెల్మెట్ ఫోటో చుట్టాలందరికీ పంపించాం. ఏడాది తిరగ్గానే, అదే కంపెనీలో సేల్స్‌కి మారతానంది. మా ఇద్దరి నోటా ఒకటే మాట వచ్చింది: "అమ్ముకోవడానికా ఇంత చదివించింది?" అమ్మాయి వారం రోజులు మాతో సరిగా మాట్లాడలేదు.

మా భయం పూర్తిగా తప్పని ఇప్పటికీ అనం. వీసా మీద ఉన్న రోజుల్లో నెల నెలా పడే జీతమే మా ధైర్యం. కమీషన్ మీద బతకడమంటే గుండె దడ. కానీ ఆ మాటలో భయం కంటే చిన్నచూపే ఎక్కువ ఉంది. అది మాత్రం తప్పే.

మాకు తెలియక కాదు. సాఫ్ట్‌వేర్‌లోకి రాకముందు, డిగ్రీ అవగానే మా బ్యాచ్ ముగ్గురం జీడిమెట్లలో ఒక పంపుల ఫ్యాక్టరీలో ట్రైనీలుగా చేరాం. అక్కడొక పెద్దాయన ఉండేవారు. ఐ.టి.ఐ. చదివి టర్నర్‌గా చేరి, కొన్నేళ్ళు లేత్ మీద, తర్వాత సర్వీసులో పనిచేసి, అక్కణ్ణించి సేల్స్‌కి వెళ్ళారు. ఇంగ్లీషు అంతంతమాత్రం. ఒక చక్కెర ఫ్యాక్టరీ వాళ్ళకి క్రషింగ్ మొదలయ్యేలోపు పంపు కావాల్సి వచ్చింది. పోటీ కంపెనీ టై కట్టుకున్నాయన నాలుగు వారాలన్నాడు. మా పెద్దాయన వాళ్ళ పాత పంపు మీద చెయ్యి ఆనించి కాసేపు విని, "కాస్టింగ్ రావడానికే నాలుగు వారాలండీ. మాకు ఎనిమిది పడుతుంది. అందాకా దీనికి షాఫ్ట్ స్లీవ్ మార్చి నడిపిస్తాం" అన్నారు. ఆర్డరు ఆయనకే వచ్చింది. ఎనిమిది వారాలు ఎందుకు పడుతుందో ఆయన చేతులకు తెలుసు. షాపులో గడిపిన ఏళ్ళు ఆయన సేల్స్‌లో వృథా కాలేదు, అక్కడే అక్కరకొచ్చాయి.

పిల్లలూ, మీరున్న ఈ దేశంలో ఇదే దారిలో వెళ్ళిన ఒకాయన కథ చెబుతాం. లీ అయకోకా 1924లో పెన్సిల్వేనియాలోని ఆలెన్‌టౌన్‌లో పుట్టారు. అమ్మానాన్నలు ఇటలీ నుంచి వలస వచ్చినవాళ్ళు, మనలాగే. ఇంజనీరింగ్ చదివి 1946లో ఫోర్డ్‌లో ట్రైనీగా చేరి, డెట్రాయిట్ పక్కన ఉన్న రూజ్ ఫ్యాక్టరీలో విభాగాలన్నీ తిరిగారు. శిక్షణ సగంలో ఉండగా, క్లచ్‌లోని ఒక స్ప్రింగు బొమ్మ గీస్తూ, ఇది నా పని కాదనుకుని సేల్స్ అడిగారు. అక్కడ మొదట్లో ఫోనెత్తాలంటేనే బెరుకుగా ఉండేదని ఆయనే రాసుకున్నారు. (మా కందిపప్పు కథ గుర్తు చేసుకోండి.) 1956లో ఫోర్డ్ అమ్మకాల్లో ఫిలడెల్ఫియా ప్రాంతం అడుగున ఉంటే, 20 శాతం ముందు కట్టి, మిగతాది మూడేళ్ళ పాటు నెలకు 56 డాలర్ల చొప్పున కట్టే పథకం పెట్టారు. ఆ ప్రాంతం పైకి వచ్చింది. 1964లో మస్టాంగ్ కారు తేవడంలో ఆయనది ముఖ్యపాత్ర. అప్పటికే తయారవుతున్న ఫాల్కన్ కారు భాగాలనే చాలావరకు వాడి ధర తగ్గించారు. మొదటి ఏడాదిలోనే 4 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. కొనేవాడి జేబులో ఏముందో, ఫ్యాక్టరీలో ఏముందో రెండూ తెలిసినవాళ్ళకే అలాంటి లెక్క తడుతుంది.

అయితే ఇదే మనిషి హయాంలో, 2000 పౌండ్ల బరువు, 2000 డాలర్ల ధర దాటకూడదని పట్టుబట్టి పింటో కారు తెచ్చారు. వెనకనుంచి గుద్దితే పెట్రోలు ట్యాంకుకు నిప్పంటుకునే ప్రమాదం ఉండటంతో 1978లో సుమారు 15 లక్షల కార్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. అమ్మేవాడు షాపును మరిచిపోతే ఏమవుతుందో అదీ ఈ కథలో భాగమే. మా అమ్మాయికి మస్టాంగ్‌తో పాటు పింటో గురించి కూడా చెప్పాం. తనకు ముందే తెలుసట, కాలేజీలో పాఠంగా చెప్పారట!

ఇక మన బడి సంగతి. మన పిల్లలు స్టేజీ మీద పద్యం తప్పులేకుండా చెబుతారు. చప్పట్లు కొడతాం. కింద కూర్చున్నవాళ్ళెవరైనా "దాని అర్థమేంటమ్మా?" అని అడిగితే మాత్రం అమ్మవైపు చూస్తారు. వాళ్ళ తప్పు కాదు, మనం అక్కడిదాకా నేర్పలేదు. తెలియని మనిషి ముందు నిలబడి, అడగడం, కాదంటే మళ్ళీ అడగడం కూడా మాట నేర్పులో భాగమే కదా? వచ్చే ఏడాది ప్రకటనల పని పెద్ద తరగతుల పిల్లలకే అప్పజెబుదామని మా ప్రతిపాదన. పెద్దలం కారు నడుపుతాం.

మా పెద్దమ్మాయిని కూడా తోడు రమ్మని అడిగాం. వస్తానంది. "సరే గానీ, మొత్తం ఎన్ని కాపీలు వేస్తారు? ప్రింటింగ్ అయి చేతికి ఎప్పుడొస్తాయి? కొట్టువాళ్ళు మొదట అడిగేది అదే కదా" అంది. ఐదుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ప్రెస్సుకి ఫోన్ చేసి కనుక్కుంటామని చెప్పాం.