కెమెరాకేం తెలుసు, పెళ్లికూతురెవరో!

మొన్న మా అన్నయ్య కూతురి పెళ్లిలో మేనల్లుడు నా కెమెరాలోకి తొంగిచూసి జాలిపడ్డాడు. "ఇంకా ఫోకస్ పాయింటు చేత్తో జరుపుకుంటున్నావా మామయ్యా? అన్నీ ఆన్‌లో పడెయ్. కెమెరాయే చూసుకుంటుంది." వీడొక్కడి మాటే అయితే నవ్వి ఊరుకునేవాణ్ణి. కొత్తగా డీఎస్‌ఎల్‌ఆర్ కొన్న ప్రతివాడూ ఇదే వల్లిస్తున్నాడు.

ఏం చూసుకుంటుంది? వాడి కెమెరా ఏం చూసుకుందో సాయంత్రం లాప్‌టాప్‌లో చూశాం. అడ్డతెర దించిన క్షణంలో తెర అంచు జరీ పోగు పోగునా లెక్కపెట్టొచ్చు, వెనక పిల్ల మొహం మాత్రం పొగమంచు. జీలకర్ర బెల్లం దగ్గర పురోహితుడి మోచేయి అద్భుతంగా వచ్చింది. మంగళసూత్రం వేళకి ముందువరసలో ఎవరో ఎత్తి పట్టుకున్న సెల్‌ఫోను, దాని కవరు మీద గీతలతో సహా.

కెమెరాని తిట్టి లాభంలేదు. ఎంపిక దానికే వదిలేస్తే చాలాసార్లు దగ్గరున్నదాన్నో, వెలుగునీడల తేడా కొట్టొచ్చినట్టున్నదాన్నో పట్టుకుంటుంది. పెళ్లిపందిట్లో కెమెరాకి అందరికంటే దగ్గరుండేది పెళ్లికూతురా? అడ్డంగా నిలబడ్డ బాబాయి!

షాపువాళ్లు మరీనూ. చీర మీద బుటీలు లెక్కపెట్టినట్టు పాయింట్లు లెక్కపెట్టి అమ్ముతారు. కెనాన్ 1500డీకి 9, నికాన్ డీ3500కి 11 అంటారు. రెండింట్లోనూ నడిమిది ఒక్కటే క్రాస్ టైప్ అని ఒక్కడైనా చెబుతాడా? నిలువు గీతల్నీ అడ్డ గీతల్నీ రెండింటినీ పట్టేది అదొక్కటే. పక్కవాటికి ఒక దిశే తెలుసు. సాయంత్రం మండపంలో వెలుతురు తగ్గాక వాటి తడబాటు చూడాలి, లెన్స్ ముందుకీ వెనక్కీ కొట్టుకుంటూ ఉంటుంది. 1988లో వచ్చిన నికాన్ ఎఫ్4కి ఉన్నదే ఒక్క పాయింటు, అదీ నడిమధ్య. పత్రికల ఫొటోగ్రాఫర్లు దాంతోనే బతికారు. రీలుకి 36 ఫొటోలు. ఇప్పుడు వెయ్యి తీసి తొమ్మిదొందలు పారెయ్యడాన్ని కళ అంటున్నారు.

నడిమి పాయింటొక్కటి చాలు అనగానే లెక్కల మాస్టార్లు లేస్తారు. నడిమి పాయింటుతో ఫోకస్ లాక్ చేసి కెమెరా పక్కకి తిప్పితే ఫోకస్ తప్పుతుందని. తప్పుతుంది, ఎంత? 1500డీ లాంటి కెమెరాకి 50 ఎంఎం లెన్స్ పెట్టి, ఎఫ్/1.8లో, మీటరున్నర దూరం నుంచి నిలువు ఫొటో తీశామనుకోండి. స్పష్టంగా వచ్చే లోతు సుమారు 6 సెంటీమీటర్లు. కంటిని ఫ్రేములో పైనుంచి మూడోవంతుకి చేర్చడానికి తిప్పాల్సింది 4 డిగ్రీల పైచిలుకు. వచ్చే తేడా 4 మిల్లీమీటర్లు. దీనికా ఇంత రాద్ధాంతం! మొహాన్ని అంచుదాకా నెడితే రెండు మూడు సెంటీమీటర్లు తప్పుతుంది, సరే, అప్పుడు పక్క పాయింటు వాడుకోండి. కిట్ లెన్సుతో ఎఫ్/5.6లో తీసేవాళ్లకి ఆ బాధా అంతగా లేదు.

పరిగెత్తే పిల్లల సంగతేమిటంటారా? అది వేరే కథ.

చెయ్యాల్సింది చిన్న పనే. డయల్ పచ్చ ఆటో గుర్తు మీద ఉన్నంతసేపూ కెనాన్ 1500డీలో పాయింటు ఎంచుకునే హక్కే మీకుండదు. ముందు దాన్ని పీ మీదకో ఏవీ మీదకో తిప్పండి. పాయింటు మధ్యలో పెట్టండి. కంటి మీద ఉంచి బటన్ సగం నొక్కి, ఫ్రేము సర్దుకుని, పూర్తిగా నొక్కండి. ఈ మాట మేనల్లుడికి చెప్పాను. వాడు ఫోన్ చూసుకుంటూ ఊఁ అన్నాడు.

అడ్డతెర దించిన ఫొటో మొహం కనిపించేది ఒక్కటైనా పంపమని అన్నయ్య ఇప్పటికీ అడుగుతున్నాడు. ఆ క్షణంలో నేను బ్యాటరీ మార్చుకుంటున్నాను.