మా బోరు నీళ్ల లెక్క లింక్డిన్‌లో ఎందుకు?

మార్కెట్ విలువలో ముందున్న 1000 లిస్టెడ్ కంపెనీలు పర్యావరణం, కార్మికుల బాగోగుల మీద ఏటా బీఆర్ఎస్ఆర్ నివేదిక ఇవ్వాలని 2022-23 నుంచి సెబీ నిబంధన. మంచిదే. అందులోంచి నాలుగు అంకెలు ఏరి, రెండు మొక్కల ఫొటోలు కలిపి లింక్డిన్‌లో పెడతారు, ఇంగ్లీషులో. అక్కడుండేది మదుపరులు, మేనేజర్లు. చప్పట్లు గ్యారంటీ.

2021 ఏప్రిల్ చివర్లో కాలుష్య నియంత్రణ మండలి కరకంబాడి, నూనెగుండ్లపల్లె అమరరాజా బ్యాటరీ ఫ్యాక్టరీలను మూసేయమంది. వారం తిరక్కుండానే హైకోర్టు ఆ ఆదేశాన్ని తాత్కాలికంగా నిలిపేసింది. సీసం అని ఒకరు, రాజకీయ కక్ష అని ఇంకొకరు, టీవీల్లో కొట్టుకున్నారు. ఎవరిది నిజమో కోర్టులు తేలుస్తాయి. పక్క పల్లె మనిషి ఫోనుకి ఆ సీసం లెక్క తెలుగులో ఎవరు పంపారు? నేనడిగేది అదొక్కటే.

ఫ్యాక్టరీ పెట్టకముందు, ప్రజాభిప్రాయ సేకరణకి, సారాంశం తెలుగులోనూ ఇవ్వాలని 2006 ఈఐఏ నోటిఫికేషన్ చెబుతోంది. పొగ మొదలయ్యాక ఆ తెలుగు ఏమైపోతుంది?

తప్పెట కొట్టి ఊరంతా కబురు చాటింది మా తాతలే. (కూలీ ఎంతిచ్చారని అడక్కండి.) ఇప్పుడు మా వీధికే కబురు రాదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీలో కొందరు రేపు ఈ కంపెనీల్లోనే సోషల్ మీడియా చూస్తారు. ఎస్సీ కాలనీ వాట్సాప్ గ్రూపులో నెలనెలా ఒక వాయిస్ మెసేజ్ పెట్టించండి: తాగే నీళ్లలో సీసం లీటరుకి 0.01 మిల్లీగ్రాము దాటకూడదు, మీ బోరులో ఇంత ఉంది. ఒప్పుకోరు. ఆ గ్రూపులో తిరిగి ప్రశ్నలొస్తాయి కదా!