హాస్యగాడును పంచాయతీ పీఠమును

హాస్యగాడొకడు ఎన్నికలలో నిలిచెనని విన్నంతనే మన పెద్దమనుష్యుల పెదవులపై చిరునవ్వు మెదలును. అది వాని హాస్యమునకు వచ్చిన నవ్వు కాదు. వాని తెగువకు వచ్చినది. నలుగురిని నవ్వించి పొట్టపోసికొనువానికి ఊరి వ్యవహారమేల యని వారి భావము. ఈ భావము ఎంత ప్రబలమో అంత పరీక్షింపదగినది.

మహబూబాబాదు జిల్లాలోని పెద్దవంగరనే తీసికొందము. 2016 నాటి జిల్లాల పునర్విభజనలో మండలకేంద్రమైన ఊరు. పాలకుర్తి శాసనసభా నియోజకవర్గములోనిది. దొరతనమెట్టిదో ఈ ప్రాంతమునకు ఒకరు చెప్పనక్కరలేదు. ఇదే నియోజకవర్గములోని కడవెండిలో 1946 జూలై 4వ తేదీన విసునూరు దేశముఖు మనుష్యుల తుపాకిగుండునకు దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. ఇట్టి తెలంగాణపు పల్లెలలోనే పిట్టలదొర తిరుగుచుండెను. ఖాకీ లాగు, తలపై టోపీ, భుజమున కఱ్ఱతుపాకి. తనకు లేని జాగీరులను, కొలతకందని పొలములను, తన సొంతమని చెప్పుకొను రైళ్లను ఊపిరి తిప్పుకొనక వర్ణించుచు వాకిట నిలుచును. మేళము లేదు, తెర లేదు; ఒక మనిషి, ఒక నోరు. నేడు పట్టణములలో యువకులు టికెట్టు కొని చూచుచున్న స్టాండప్ కామెడీకి ఇంతకంటె దగ్గఱ చుట్టము మనకు వేఱొకటి కనబడదు. దొరవేషముతో దొరతనమును వెక్కిరించి, కలవారి గాదెలనుండియే గింజలు కొలిపించుకొని పోయిన ఘటికుడతడు. ఐనను ఊరిపెద్దలు పంచాయతీ కూర్చున్నప్పుడు వానికి చాప వేసినవారు లేరు.

ఈ సంగతి కాళిదాసునకు తెలియును. శాకుంతలమున దుష్యంతుడు తన ప్రేమను విదూషకుడైన మాధవ్యునకు చెప్పి, పిమ్మట అదంతయు పరిహాసమని నమ్మించి రాజధానికి పంపివేయును. శకుంతల సభకు వచ్చినప్పుడో, అంతకు కొంచెము ముందే రాజు వానిని అంతఃపురమునకు పంపియుండెను. రాజు శాపవశమున మఱచెను, సరే. శాపము తగులని విదూషకుడు సభలో నుండినచో ఆ కథ యేమయ్యెడిది? నాటకమునకు వాని గైర్హాజరు అవసరము కావచ్చును. గ్రామమునకు మాత్రము కాదు.

మన ప్రాంతమున హాస్యకళావంతులు చట్టసభల కెక్కకపోలేదు. వరంగల్లువారైన ధ్వన్యనుకరణ సమ్రాట్టు నేరెళ్ల వేణుమాధవ్ గారు 1972 నుండి 1978 వరకు ఆంధ్రప్రదేశ్ శాసనమండలిలో నామినేటెడు సభ్యులుగా నుండిరి. అది కళకు జరిగిన సత్కారము. ఓటరు నడిగి యిచ్చిన పదవి కాదు. ఖమ్మము జిల్లానుండి వచ్చి, రెవెన్యూశాఖ కొలువు నుండి చలనచిత్రములలోనికి వెళ్లిన బాబూమోహన్ గారి దారి వేఱు. ఆందోలు ప్రజలు ఆయనను 1998 ఉపయెన్నికలోను, 1999లోను తెలుగుదేశము పక్షమున గెలిపించిరి, మంత్రిపదవియు లభించెను. 2004లోను 2009లోను ఓడి, 2014లో తెలంగాణ రాష్ట్ర సమితి పక్షమున మరల గెలిచిరి. 2018లో ఆ పక్షము టికెట్టు నిరాకరింపగా వేఱొక పక్షమున జేరి పోటీచేసి ఓడిరి. ఈ చరిత్రలో ఆయన దోషమును వెదకుట మన యుద్దేశము కాదు. టికెట్టు ఇచ్చుటయు, తీయుటయు పార్టీ చేతిలోనిది. 1985లో రాజ్యాంగమున చేరిన పదవ షెడ్యూలు పిదప శాసనసభలో ఓటు పార్టీ విప్పుదే యైనది. అందఱిని నవ్వించిన నాలుక అచ్చట చేయగలిగినదేమి? చేయి యెత్తుటకు నాలుక యక్కఱలేదు.

మఱి చిన్న పదవులలో ఇట్టివా రెట్లు నెగ్గిరి? స్లొవేనియా దేశమున మార్యాన్ షారెత్స్ అను హాస్యనటుడు రాజకీయవేత్తల గొంతులను అనుకరించి పేరు పొందెను. కామ్నిక్ అను చిన్న పట్టణమునకు 2010లో మేయరై, ఎనిమిదేండ్లు దానిని నడపెను. 2018లో ప్రధానమంత్రి యయ్యెను. సంకీర్ణమును కాపాడుకొనలేక 2020 జనవరిలో రాజీనామా నిచ్చెను. ఐస్లాండు రాజధాని రెయిక్యావిక్‌లో యోన్ గ్నార్ అను హాస్యగాడు, 2008 నాటి బ్యాంకుల పతనముతో విసిగిన జనుల యెదుట, జంతుశాలకు ధ్రువపు ఎలుగుబంటిని తెత్తునని వాగ్దానము చేసి 2010లో మేయరయ్యెను. నవ్వులాట అంతతో ముగిసెను. నగరపు విద్యుత్సంస్థ అప్పులలో మునిగియుండగా ధరలు పెంచి, ఉద్యోగుల సంఖ్య తగ్గించి, తిట్లు తినెను. 2014లో గడువు తీరగానే మరల నిలువక తప్పుకొనెను. ఉక్రెయినులో 2019లోను, పంజాబులో 2022లోను హాస్యనటులు ఏలికలైన సంగతి పాఠకులెఱుగుదురు; వారి తీర్పు చరిత్రకు వదలుదము.

మన సర్పంచి ప్రత్యక్షముగా ఎన్నుకొనబడును. పోటీకి పార్టీ గుర్తులుండవు. చాటున పార్టీలు లేకపోలేదు గాని విప్పు మాత్రము లేదు. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము రెండు నెలల కొకమారు గ్రామసభ జరుపవలెనని విధించినది. ఆ సభలకు పోయినవారికి దాని భోగము తెలియును. కార్యదర్శి జమాఖర్చులను గొణుగును. వినువారు పదిమంది, సంతకములు నూఱు. వీధిదీపమునకు వ్రాసిన ఖర్చును, వెలుగని ఆ దీపమును ప్రక్కప్రక్క నిలిపి నవ్వించువాడు ఆ సభలో నుండినచో జనము వచ్చును, విందురు, ఇంటికి పోయియు చెప్పుకొందురు. లెక్కల తనిఖీకి ఇంతకంటె చౌకయైన సాధనము లేదు.

దీనికొక ఎదురుమాట కలదు, బలమైనదే. నవ్వి మఱచిపోవుట జనస్వభావము. కోపము నవ్వుగా కరగినచో దొరకే మేలు. అదియు గాక నేటి వేదికలపై చాలమంది హాస్యగాండ్ర నోటికి దొరకునది నత్తివాడు, నల్లనిది, పల్లెటూరివాడు, పరకులమువాడు. అట్టివానికి అధికార మిచ్చుట కోతికి కొబ్బరికాయ నిచ్చుటయే. వాడు ఎవనిని చూచి నవ్వునో ఓటరు ముందుగా చూడవలెను. పిట్టలదొర కఱ్ఱతుపాకి ఏ బక్కవానిపైకిని గుఱి పెట్టలేదు. వాడు వెక్కిరించినది గొప్పలు చెప్పుకొను దొరతనమును, పిమ్మట తన చిఱిగిన లాగును.

ఆ వేషము కట్టిన బుడిగజంగముల బిడ్డలకు నేడు పట్టికకులముల రిజర్వేషను కలదు. అట్టివాడొకడు పెద్దవంగర వంటి యూరిలో సర్పంచి పదవికి నామినేషను పత్రము పట్టుకొని మన వాకిలికి వచ్చినచో, గింజలు పోసి పంపుదుమా, ప్రతిపాదకుని గడిలో చేవ్రాలు చేయుదుమా? భూవసతి గల మన పాఠకులలో కలము తీయువా రెందఱో చూడవలసి యున్నది.