వేగం సరే... ఆగే సంగతేంటి?

‘బండిని రేస్ ట్రాక్ మీదికి తీసుకెళ్తున్నా, కాస్త రెడీ చెయ్యన్నా’ అని ఏ షెడ్డులో అడిగినా మెకానిక్ ముందుగా తెరిచేది బానెట్టే. ఎయిర్ ఫిల్టర్ మారుద్దామంటాడు. సైలెన్సర్ మారిస్తే సౌండ్ అదిరిపోతుందంటాడు. కంప్యూటర్‌లో చిన్న మార్పు చేస్తే ఇంకో యాభై హార్స్‌పవర్ వస్తుందంటాడు. అన్నీ నిజమే కావచ్చు. కానీ ట్రాక్ ఎక్కిన మొదటి అరగంటలో ముందుగా చేతులెత్తేసేది ఇంజన్ కాదు... బ్రేకులు!

విజయవాడ నుంచి ఒక తండ్రి ఈ మధ్య ఉత్తరం రాశారు. వాళ్ళబ్బాయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఇష్టపడి సెకండ్ హ్యాండ్‌లో బీఎండబ్ల్యూ జెడ్4 కొన్నాడు. మూడు లీటర్ల ఇంజన్, 306 హార్స్‌పవర్, రెండే సీట్లు. లోను ఇంకా రెండేళ్ళు కట్టాలి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ‘ట్రాక్ డే’కి వెళ్తానంటున్నాడట. ‘వాళ్ళమ్మ ససేమిరా అంటోంది. నేను వద్దనాలా, సరేననాలా? సరేనంటే బండికి ఏమేం చేయించాలి?’ అని ఆయన ప్రశ్న.

సరేననండి. ఎందుకంటే అంత శక్తి ఉన్న కారు చేతికొచ్చాక పాతికేళ్ళ కుర్రాడు దాని సత్తా ఎక్కడో ఒకచోట చూడకుండా ఉండడు. ట్రాక్ మీద కాకపోతే అర్ధరాత్రి బైపాస్ మీద చూస్తాడు. అక్కడ ఎదురుగా గేదెలొస్తాయి, లైట్లు లేని ట్రాక్టర్లొస్తాయి. రోడ్డు మీద పందెం వేస్తే మోటారు వాహనాల చట్టం 189 సెక్షన్ ఉండనే ఉంది. 2019 సవరణతో మొదటి తప్పుకే మూడు నెలల దాకా జైలు, అయిదు వేల దాకా జరిమానా వేసే వీలొచ్చింది. ట్రాక్ మీద అందరూ ఒకే దిక్కుకు వెళ్తారు. పక్కనే అంబులెన్స్ ఉంటుంది. తల్లిగారికి ఈ మాట చెప్పి చూడండి.

శ్రీపెరుంబుదూరు అనగానే మనవాళ్ళకు రామానుజులవారి జన్మస్థలం గుర్తొస్తుంది. ఆ పక్కనే బెంగళూరు హైవే దగ్గర ఉంది ఈ ట్రాక్. అంతకుముందు రేసులన్నీ షోలవరంలో, రెండో ప్రపంచయుద్ధం నాటి రన్‌వే మీద జరిగేవి. నెల్లూరు, సూళ్ళూరుపేట వైపు పెద్దవాళ్ళలో వాటిని చూసినవారు ఇప్పటికీ కనిపిస్తారు. ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ 1990లో మొదలైంది. పొడవు 3.7 కిలోమీటర్లు, మలుపులు 12. ట్రాక్ డే అంటే రేసు కాదు. మొదటి బహుమతి, రెండో బహుమతి ఉండవు. ఎవరి కారు వాళ్ళు తెచ్చుకుని, రుసుము కట్టి, పదిహేను ఇరవై నిమిషాల చొప్పున విడతలుగా నడుపుతారు. ముందున్నవారు సైగ చేసి దారిస్తేనే దాటాలి, అదీ తిన్నని దారిలోనే.

ఇక బ్రేకుల సంగతి. ఇదొక్కటీ కాస్త ఓపిగ్గా చదవండి.

ఆ కారు బరువు సుమారు 1,600 కిలోలు. తిన్నటి దారిలో గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వచ్చి, మలుపు కోసం 60కి తగ్గించాడనుకుందాం. నాలుగు సెకన్ల పని. ఆ వేగం ఎక్కడికి పోయింది? వేడిగా మారింది. ఎంత వేడి? కుళాయి నుంచి పట్టిన ఆరు లీటర్ల నీళ్ళను సలసల మరిగించేంత! మన వంటింట్లో గ్యాస్ స్టౌ మీద ఆ గిన్నె మరగడానికి ఇరవై నిమిషాలైనా పడుతుంది. ఇక్కడ నాలుగు సెకన్లలో ఆ వేడంతా నాలుగు ఇనుప డిస్కుల్లోకి, అందులోనూ ఎక్కువ భాగం ముందు రెండింటిలోకి దిగుతుంది. బందరు రోడ్డులో సిగ్నల్ దగ్గర 60 నుంచి పూర్తిగా ఆగినప్పుడు పుట్టేదానికి ఇది ఎనిమిది రెట్లు. అవి చల్లారేలోపే ఇంకో మలుపు. ఆపైన ఇంకోటి.

ఈ వేడి డిస్కు నుంచి ప్యాడ్‌కు, ప్యాడ్ నుంచి దాని వెనకున్న బ్రేక్ ఆయిల్‌కు పాకుతుంది. పేరుకు ఆయిలే గానీ, దీనికి నీటిని పీల్చుకునే గుణముంది. వానాకాలంలో మూత సరిగ్గా పెట్టని ఉప్పు జాడీ చూశారుగా, అలాగే. మామూలుగా వాడే డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. రెండు మూడేళ్ళు బండిలోనే ఉండి తేమ పట్టాక 155 దగ్గరే మరగొచ్చు. మరిగితే లోపల ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కితే ఆ ఒత్తిడి చక్రం దాకా వెళ్తుంది, ఆవిరిని నొక్కితే అది అక్కడే కుదించుకుపోతుంది. పెడల్ మెత్తగా నేల దాకా దిగిపోతుంది. కారు మాత్రం ఆగదు.

ఊళ్ళో పదేళ్ళు నడిపినా ఈ జబ్బు బయటపడకపోవచ్చు. మొన్నటిదాకా బ్రేకులు బ్రహ్మాండంగా పట్టాయి కదా అనుకోవడంలోనే ప్రమాదముంది. కాబట్టి బయలుదేరే వారం ముందు బ్రేక్ ఆయిల్ మొత్తం మార్పించండి. పైన డబ్బాలో కాస్త పోసి ‘టాపప్ చేశా సార్’ అంటే ఒప్పుకోవద్దు. నాలుగు చక్రాల దగ్గరా నిపుల్ వదులు చేసి, టీ డికాక్షన్ రంగు పోయి లేత పసుపు రంగు వచ్చేదాకా బ్లీడింగ్ చేయాలి. కంపెనీ పుస్తకం ఒప్పుకుంటే డాట్ 5.1 పోయించవచ్చు, అది తేమ పట్టినా కనీసం 180 దాకా తట్టుకోవాలి. డాట్ 5 మాత్రం వద్దే వద్దు. అంకె దగ్గరగా ఉన్నా అది సిలికాన్ జాతి, వీటితో కలవదు. ఈ పనికయ్యే ఖర్చు ఆ సైలెన్సర్ ఖర్చులో ఏ మూలకూ రాదు. అయినా సైలెన్సర్ మార్చినవాళ్ళు పదిమంది కనిపిస్తే, బ్రేక్ ఆయిల్ మార్చినవాళ్ళు ఒక్కరు కనిపిస్తారు. ఏం చేస్తాం, బ్రేక్ ఆయిల్‌కు సౌండ్ లేదు!

ప్యాడ్లు సగానికి పైగా అరిగి ఉంటే కొత్తవి వేయించాలి. పలచబడిన ప్యాడ్ వేడిని ఆపలేదు, నేరుగా ఆయిల్‌కు అందిస్తుంది. అయితే కొత్తవి వేసిన రోజే ట్రాక్ ఎక్కకూడదు. డిస్కుతో అవి సర్దుకోవాలి. పది రోజుల ముందే వేయిస్తే ఊళ్ళో తిరుగుళ్ళు, చెన్నై ప్రయాణం కలిసి ఆ పని అయిపోతుంది. ఇంకో గుర్తు అబ్బాయికి చెప్పండి. పెడల్ గట్టిగానే ఉండి, కమురు వాసన వస్తూ, కారు ఆగనంటే ప్యాడ్లు వేడెక్కినట్టు. పెడల్ మెత్తబడితే ఆయిల్ మరుగుతున్నట్టు. రెండింట్లో ఏదైనా సరే, చేతికందిన వేగంతోనే నిదానంగా ఒక రౌండు తిరిగి చల్లార్చి లోపలికి వచ్చేయాలి. ‘ఇంకొక్క రౌండు’ అనకూడదు.

టైర్ల దగ్గర ముందు వయసు చూడండి. పక్క గోడ మీద డాట్ అనే అక్షరాల వరుసలో చివరి నాలుగంకెలే దాని పుట్టినరోజు. 2319 అని ఉంటే 2019లో 23వ వారం అన్నమాట. సెకండ్ హ్యాండ్ కార్లలో ఇది చాలామంది చూడరు. తక్కువ తిరిగిన స్పోర్ట్స్ కారుకు గాడులు కొత్తగానే కనిపిస్తాయి, లోపల రబ్బరు మాత్రం గట్టిపడి ఉంటుంది. ఆరేళ్ళు దాటితే నేనైతే ట్రాక్ ఎక్కించను. నాలుగైదు రౌండ్లు తిరిగేసరికి టైరులో గాలి వేడెక్కి, ఒత్తిడి అయిదారు పాయింట్లు పెరుగుతుంది. లోపలికి రాగానే, చల్లారకముందే నాలుగింటినీ కొలిచి, పెరిగిన మేరకు తగ్గించుకోవాలి. అందుకని చేతిలో పట్టే ప్రెషర్ గేజ్ ఒకటి సొంతంగా ఉండాలి. పెట్రోల్ బంకు మీటరును నమ్ముకుని అంత దూరం వెళ్ళొద్దు. వీల్ నట్లు టార్క్ రెంచ్‌తో, పుస్తకంలో ఇచ్చిన లెక్కకు బిగించాలి. పైపు తొడిగి కాలితో తొక్కితే ఎంత బిగిసిందో ఎవరికి తెలుసు?

ఇంజన్‌కు చేయాల్సింది తక్కువే. కొత్త ఆయిల్, ఫిల్టర్. ఈ ఇంజన్‌కు డిప్‌స్టిక్ ఉండదు, ఆయిల్ మట్టం తెర మీదే చూడాలి. గరిష్ఠానికి దగ్గరగా ఉండాలి గానీ దాటకూడదు. పొడవాటి మలుపుల్లో ఆయిలంతా ఒక పక్కకు ఒరుగుతుంది, మట్టం తక్కువుంటే పంపుకు అందదు. ఇందులో నీటి పంపు బెల్టుతో కాదు, కరెంటుతో తిరుగుతుంది. వయసైపోయాక అది ముందస్తు కబురు లేకుండా ఆగిపోవడం తెలిసిన సంగతే. ఎప్పుడు మార్చారో పాత యజమానినో, బిల్లులనో అడగండి. ఆయిల్ మరీ వేడెక్కితే కంప్యూటరే శక్తి తగ్గించేస్తుంది. అది రిపేరు కాదు, లోపలికి రమ్మన్న పిలుపు. పెట్రోలు విషయంలో ఇంటి లెక్కలు మరిచిపోండి. హైవే మీద లీటరుకు పది పన్నెండు ఇచ్చిన కారు ట్రాక్ మీద నాలుగుకు దిగినా ఆశ్చర్యం లేదు.

తర్వాత కారు ఖాళీ చేయాలి. వాటర్ బాటిల్, గొడుగు, చార్జర్, డిక్కీలో చాపలు... అన్నీ కిందికి. బాటిల్ దొర్లుకుంటూ వచ్చి బ్రేక్ పెడల్ కింద ఇరుక్కుంటే ఎన్ని హార్స్‌పవర్లున్నా ఒకటే. డ్రైవరు కాళ్ళ కింది మ్యాటు కూడా తీసేయాలి. డ్యాష్‌బోర్డు మీద వెంకటేశ్వరస్వామి, వినాయకుడి బొమ్మ ఉంటే దండం పెట్టుకుని, తీసి సంచిలో భద్రంగా పెట్టండి. అతికించిన జిగురు మామూలు బ్రేకుకు ఆగుతుంది గానీ దీనికి ఆగదు. ముందు కట్టిన నిమ్మకాయలు, మిరపకాయలకూ ఇదే మాట.

కుర్రాడికి ముఖమంతా కప్పే మంచి హెల్మెట్ కావాలి. ఒంటి మీద పూర్తి చేతుల నూలు చొక్కా, నూలు ప్యాంటు. నైలాన్ మంటకు కరిగి ఒంటికి అంటుకుంటుంది. పలచటి అడుగున్న బూట్లు వేసుకుంటే పెడల్ తెలుస్తుంది. వీపు సీటుకు ఆనించి చెయ్యి చాస్తే మణికట్టు స్టీరింగ్ పైఅంచుకు తగలాలి, అదీ సీటు కొలత. కారు పైకప్పు మూసే నడపాలి. జెండాలు ముందురోజే బట్టీ పట్టించండి. పసుపు ఊపితే ముందు ప్రమాదముంది, దాటొద్దు. ఎరుపంటే ఆ విడత ఆగింది, నెమ్మదిగా లోపలికి. నీలమంటే వెనక వేగంగా వచ్చేవాళ్ళున్నారు, దారివ్వు. పసుపు మీద ఎర్రచారలుంటే దారి జారుడుగా ఉంది. నలుపు తన నంబరుకు చూపిస్తే వెంటనే రావాలి. పక్క సీట్లో మీరు కూర్చోవచ్చా అని అడిగారు. నిర్వాహకులు ఒప్పుకుంటే కూర్చోవచ్చు, కానీ తొలి విడతల్లో ఆ సీటు బోధకుడికి వదలండి. నాన్న పక్కన ఉంటే కొడుకు మరీ మెల్లగానైనా నడుపుతాడు, మరీ గొప్పగానైనా నడుపుతాడు. రెండూ మంచివి కావు.

ఇప్పుడు చేదు మాట. ఇంట్లో ఉన్న ఇన్సూరెన్స్ పాలసీ తీసి, ‘లిమిటేషన్స్ యాజ్ టు యూజ్’ అన్న చిన్న పేరా చదవండి. అద్దెకు తిప్పడం, సరుకు మోయడంతోపాటు రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ వంటివాటికి పాలసీ వర్తించదని రాసి ఉంటుంది. ‘ట్రాక్ డే రేసు కాదు కదా’ అని వాదించవచ్చు. గోడకు గుద్దిన కారుకు ఆ వాదన డబ్బు తెస్తుందని నేను మాత్రం నమ్మను. పైగా గేటు దగ్గర, ఏం జరిగినా బాధ్యత నాదేనని సంతకం పెట్టించుకుంటారు. అంటే ఆ రోజుకు ఆ కారు ఇన్సూరెన్స్ లేని కారే అనుకోవాలి. కారు పోయినా రెండేళ్ళ లోను మాత్రం నెలనెలా కట్టాల్సిందే. ఆ మాట అబ్బాయితో ముందే కూర్చుని మాట్లాడండి. లెక్క కుదరదనిపిస్తే ఈ ఏడాది గో కార్టింగ్‌తో సరిపెట్టుకోమనండి. మలుపు ఎలా తీసుకోవాలో నేర్పడంలో అదేం తక్కువది కాదు.

ప్రతి విడతలో చివరి రౌండు బ్రేకు పెద్దగా వాడకుండా నడపాలి, గాలికి డిస్కులు చల్లారడానికి. లోపలికి వచ్చి ఆపాక హ్యాండ్ బ్రేక్ వేయకూడదు. నిప్పుకణికలా ఉన్న డిస్కును ప్యాడ్ పట్టుకుని కూర్చుంటే అక్కడ మరక పడి, తర్వాత బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగ్ వణుకుతుంది. చక్రానికి చెక్క ముక్క అడ్డం పెడితే సరిపోతుంది.

సాయంత్రం అదే కారులో విజయవాడకు దాదాపు 450 కిలోమీటర్లు రావాలి కదా. ఆ రాత్రికి బయలుదేరొద్దు. ట్రాక్ మీద రోజంతా నడిపినవాడికి కళ్ళు అలసిపోతాయి, చెయ్యి మాత్రం ఇంకా వేగంగానే ఉంటుంది. చెన్నైలోనే పడుకుని, పొద్దున్నే టైర్లు చల్లగా ఉండగా గాలిని మళ్ళీ రోడ్డు లెక్కకు నింపించండి. నట్లు ఇంకోసారి బిగించండి. చక్రాల సందులోంచి టార్చి వేసి ప్యాడ్లు ఎంత మిగిలాయో చూడండి. ఆ కారుకు స్టెప్నీ లేదు. రన్‌ఫ్లాట్ టైర్లే ఉంటే, గాలి పోయినా 80 వేగం మించకుండా ఓ 80 కిలోమీటర్లు తీసుకొస్తాయి. అంటే పంక్చరైన చోటు నుంచి అంత దూరంలోపు టైర్ల షాపు దొరకాలి. నాయుడుపేట, గూడూరు, నెల్లూరు, ఒంగోలు... ఏ ఊళ్ళో ఆ సైజు టైరు దొరుకుతుందో బయలుదేరేముందే ఫోను చేసి కనుక్కోండి.