సగటు చెప్పని సంగతి



"మా టానిక్ వాడిన పది మందికి సగటున ఒక గ్రాము హిమోగ్లోబిన్ పెరిగింది" అని ఎవరైనా కరపత్రం చేతిలో పెడితే కొందరు వెంటనే నమ్ముతారు. కొందరు "పది మందే కదా!" అని కొట్టిపారేస్తారు. నా దృష్టిలో రెండూ తొందరపాటే.

ఒక పాత ఉదాహరణ చూద్దాం. అమెరికాలోని కలమజూ మానసిక వైద్యశాలలో పది మంది రోగులకు రెండు నిద్రమందులు ఇచ్చి చూశారు. ఫలితాలు 1905లో అచ్చయ్యాయి. మొదటి మందుతో నిద్ర సగటున 45 నిమిషాలు పెరిగింది. బాగానే ఉందనిపిస్తుంది. కాని ఒక్కొక్కరి లెక్క చూస్తే, నలుగురికి నిద్ర తగ్గింది. ఇద్దరికి మాత్రం మూడు గంటలకు పైగా పెరిగింది. ఆ ఇద్దరినీ పక్కన పెడితే మిగిలిన ఎనిమిది మంది సగటు మూడే నిమిషాలు!

ఆ ఇద్దరూ లేచి సాక్ష్యం చెబితే అది అబద్ధం కాదు. కాని మిగిలినవారి మాట ఎవరు వింటారు?

డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసిన విలియం గాసెట్ 1908లో "స్టూడెంట్" అనే మారుపేరుతో దీనికొక పద్ధతి చూపారు. ఆయన తీసుకున్న ఉదాహరణ ఈ నిద్రమందుల లెక్కే. సగటును, మనిషికీ మనిషికీ ఉన్న తేడాలతోను, మనుషుల సంఖ్యతోను కలిపి తూచాలి. పది మంది ఉన్నప్పుడు ఆ తూకం సుమారు 2.26 దాటితేనే నమ్మదగినదిగా తీసుకోవడం నేటి వాడుక. మొదటి మందుకు వచ్చింది 1.3 మాత్రమే. అంటే ఆ 45 నిమిషాలు కాకతాళీయం కావచ్చు. రెండవ మందుకు 3.7 వచ్చింది. అంటే పది మందితోనైనా నిజం తేలవచ్చు.

కాబట్టి టానిక్ అమ్మేవారిని మూడు ప్రశ్నలు అడగండి. ఎంతమందికి ఇచ్చారు? ఒక్కొక్కరికి ఎంత పెరిగింది? మందు వాడనివారితో పోల్చారా? జవాబు లేకపోతే సీసా తిరిగి ఇచ్చేయండి. కూలి డబ్బు దానికి పోస్తే ఖర్చొక్కటే కాదు, రక్తహీనతకు అసలు వైద్యం కూడా ఆలస్యమవుతుంది.

సమస్తాన్నీ పరీక్షించమని పౌలు థెస్సలొనీక సంఘానికి వ్రాశాడు. రోగి సొమ్ము, రోగి ప్రాణం మన చేతిలో ఉన్నప్పుడు ఆ పరీక్ష అవిశ్వాసం కాదు, ప్రేమే.