రాజపాళయం ట్రంకు పెట్టెల సంగతి

తమిళనాడు మ్యూజియంల శాఖ కమిషనర్ గారికి,

1949–52లో మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్న పి.ఎస్. కుమారస్వామి రాజా గారు రాజపాళయంలోని తన ఇల్లే ఊరికి ఇచ్చేశారు. నేటి గాంధీ కలై మన్రం అదే. మిగతా ఇళ్ల చరిత్ర ఇంకా ట్రంకు పెట్టెల్లోనే ఉంది. దస్తావేజు మడత దగ్గరే చిరుగుతుంది, పెళ్లి ఫొటో అద్దానికి అతుక్కుపోతుంది. లాగితే మొహమే ఊడొస్తుంది!

1851 నుంచి మీ ఎగ్మోర్ మ్యూజియం నడుస్తోంది. పాత కాగితాలు కాపాడడం మీకు తెలియని విద్య కాదు. ఏడాదికోసారి ఒక నిపుణుణ్ణి పంపండి. కాగితాలు పట్టుకుపోనక్కర్లేదు, స్కాన్ చేసి, ఆమ్లం లేని కవర్లలో పెట్టి ఇంటివాళ్లకే ఇచ్చేయండి.

ఇక్కడి రాజు కులంవాళ్ల ఇళ్లలో మాట తెలుగు, చదువు తమిళం. అందుకే తెలుగు బోర్డు పెడితే చదివేవాళ్లు తక్కువే. ముందు మా ముసలమ్మల మాటలు రికార్డు చేయించండి. చోటు మేం చూపిస్తాం.

ఇట్లు,
ఒక రాజపాళయం తెలుగువాడు