మొద్దులెవరు?

"వీళ్ళకు చరిత్ర ఎక్కడెక్కుద్ది మాస్టారూ! తొమ్మిదికొచ్చినా ఒక పేరా చదవలేరు." నేను పనిచేసిన ఒక బడి స్టాఫ్‌రూంలో టీ తాగుతూ అన్న మాట ఇది. అన్నాయన చెడ్డోడేం కాదు. ఆ మాట నాకు కొత్తా కాదు. ఇరవై ఏళ్ళ కింద నన్నూ 'మొద్దు' అన్నారు. అమ్మ మిరప చేలో కాయలు ఏరుతుంటే చెల్లెను చంకనేసుకుని గట్టు మీద నేను కూర్చున్న రోజుల్లో, బళ్ళో మొగలుల పాఠం అయిపోయింది. అది నాకు రాలేదు. మొద్దునయ్యాను. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు.

మాది తల్లాడ దగ్గర మాదిగ గూడెం. ఇటు ఖమ్మం, అటు సత్తుపల్లి, ఇంకోవైపు కొత్తగూడెం అడవి దారి. ఇప్పటికీ పత్తితీతలప్పుడు కొన్ని బెంచీలు ఖాళీ, మిరపకోతలప్పుడు ఇంకొన్ని ఖాళీ. మిరపకోతలూ పదో తరగతి పరీక్షలూ దాదాపు ఒక్కసారే వస్తయి. ఆ బెంచీలు ఏ గూడేలవో, ఏ కోయ గుంపులవో హాజరుపట్టీ చూస్తే తెలుస్తది. తిరిగొచ్చిన పిల్లలకు మనం పెట్టే పేరు 'వెనకబడ్డోళ్ళు'. వెనక్కి నెట్టినోళ్ళ పేరు మాత్రం ఏ రిజిస్టర్లోనూ ఉండదు.

ఇతరులనే అంటున్నాను గానీ ఆ తప్పు నేనూ చేశాను. నిజాం కాలం పాఠంలో "వెట్టి అంటే ఏంది?" అని వెనక బెంచీ పిలగాణ్ణి అడిగాను. నోరు విప్పలేదు. "కూర్చోరా మొద్దూ" అన్నాను. అదే మాట, నా నోట్లోంచి! ఆ రాత్రి అన్నం సయించలేదు. మర్నాడు వాడి పక్కన కూర్చుని అడిగాను. "మీ తాతలు ఏం పని చేసేటోళ్ళురా?"

"మా ముత్తాత మోటబొక్కెన కుట్టేటోడంట సారూ. దొర పైసలిచ్చేటోడు కాదంట. ఆ బాయిని మాత్రం మావోళ్ళు ముట్టొద్దంట. దోసిలి పడితే పైనుంచి పోసేటోళ్ళంట. మా నాయనమ్మ చెప్పింది."

క్లాసంతా ఇటు తిరిగింది. వెట్టికి ఇంతకన్నా మంచి జవాబు నేను ఏ గైడులోనూ చూడలేదు.

వాడి మాటల్ని అట్లాగే బోర్డు మీద రాశాను. చదవలేడన్న పిలగాడు తన ముత్తాతను కూడబలుక్కుని చదివాడు. దాని కింద రాశాను: 1927 మార్చి 20, మహద్ చెరువులో అంబేడ్కర్ దోసిలి పట్టిన రోజు. 1946-51, తెలంగాణ సాయుధ పోరాటం. 1950 జనవరి 26, అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణంతో సహా రాజ్యాంగం అమల్లోకొచ్చిన రోజు.

"చట్టమొచ్చినంక గూడ మా అమ్మ చిన్నప్పుడు హోటల్లో మాకు గ్లాసు వేరే ఎందుకుండె సారూ?" అని ఒక పిల్ల లేచింది. అప్పుడు 1985 కారంచేడు, 1991 చుండూరు చెప్పాను. ఆ రోజు గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

"కథలు చెప్తే మార్కులొస్తయా?" అంటారు. రావు. ముత్తాత మీద గౌరవం ఒక్కటే పరీక్ష గట్టెక్కించదు. అందుకే సాయంత్రం ఇంకో గంట కూర్చోబెడతాను. కోతలకు పోయినోళ్ళకు పోయిన పాఠం మళ్ళీ చెప్తాను. 'పాపం, వీళ్ళకింత చాలు' అని పాఠం తగ్గించడం కూడా అంటరానితనమే. జాలి మాకొద్దు, పాఠం పూర్తిగా కావాలి.

సిద్ధంగా ఉన్న పిల్లలే కావాలనుకుంటే 1848లో ఫూలే దంపతులు పుణెలో బడి తెరిచేవాళ్ళా? 1910లో భాగ్యరెడ్డి వర్మ హైదరాబాదులో మన పిల్లలకు బడి పెట్టేవాడా?

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! సెలవులకు ఊరొచ్చి సభలు పెడ్తరు, జయంతులు చేస్తరు. మంచిదే. ఒక్క గంట గూడెంలో కూర్చుని ఒక పిల్లతో ఒక పేరా చదివించండి. ముందు వాళ్ళ నాయనమ్మ చెప్పింది రాయించండి. పిల్లలు చరిత్ర మోసుకునే బడికొస్తున్నారు. దాన్ని దించుకోవడం రాని మనమే మొద్దులం.